ఎండు మట్టల ఆదివారం

“మామ్మా, ఊరేగింపులో అందరూ పచ్చ కొబ్బరి మట్టలు పట్టుకుని నడిస్తే నువ్వొక్కదానివీ ఎండు మట్ట పట్టుకుంటావేంటి? ఇవాళ చర్చి అయ్యగారు కూడా నిన్ను చూసి నవ్వేరు.”

నవ్వుతారమ్మా. ఈ అయ్యగారు కొత్తగా వచ్చేరు, పాపం ఆయనకేం తెలుసు. కూర్చో. ఆ ఫోను మాట్లాడేదంతా పట్టేసుకుంటుందా? అయితే ఇలా స్టూలు మీద పెట్టు. మంచినీళ్ల పక్కన పెట్టకు, ఒలికితే మీ నాన్న నన్నంటాడు.

ముందు నీకు పటం గియ్యాలి. పటం లేకుండా పాఠం చెబితే పిల్లలకి ఎక్కదు. ఇదిగో నా చెయ్యి చూడు. ఈ చూపుడు వేలు కాలవ అనుకో. ఇటు మన పేట, చర్చి, నేను పాఠాలు చెప్పిన మిషన్ బడి. అటు ఊరు. మధ్యలో వంతెన. వంతెన దిగితే పెద్దవీధి, వీధి చివర పోస్టాఫీసు, రాజోలు బస్సు ఆగే చోటు. ఆసుపత్రికెళ్ళాలన్నా, అమలాపురం వెళ్ళాలన్నా ఆ వీధిలోంచే వెళ్ళాలి. కాదు, ఉండు, తప్పు చెప్పేను. కాలవ గట్టు మీంచి చుట్టూ తిరిగి కూడా వెళ్ళొచ్చు. వానాకాలం మోకాలు లోతు బురద, అంతే.

పేట వాళ్లు వీధిలోంచి వెళ్ళాలంటే వంతెన దిగగానే చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవాలి. అవతల బస్సు దగ్గర మళ్ళీ వేసుకోవాలి. ఆ రూలు ఎవరు పెట్టేరంటావా? ఎక్కడా రాసి లేదమ్మా. అందరి కాళ్లకీ తెలుసు, అంతే.

నాకు తెలీదు. నేను అమలాపురంలో మిషన్ హాస్టల్లో పెరిగినదాన్ని. మా నాన్న ఆ హాస్టల్లో వంట చేసేవారు. ఆయన వండిన పప్పుచారు... సరే, అది ఇంకోసారి చెబుతాను. ట్రైనింగు అయ్యేక మీ తాతగారితో పెళ్ళయింది, ఈ బళ్ళోనే ఉద్యోగమిచ్చేరు. పెళ్ళికి మా నాన్న హవాయి చెప్పులు కొన్నారు, నీలం వారు. ఏడు రూపాయలో ఎనిమిదో. ఆ రోజుల్లో అవంటే నీకు ఇప్పుడీ ఫోనెంతో అంత. వచ్చిన వారంలోనే అవేసుకుని పోస్టాఫీసుకి బయల్దేరేను. వీధి మధ్యలో పెద్ద కామందుగారి మేడ ఉండేది. అరుగు మీద ఆయన తల్లి, పెద్దమ్మగారంటారు, వక్కలు కత్తిరించుకుంటున్నారు.

“ఏవమ్మా టీచరమ్మా, కాళ్లు కాలుతున్నాయా?”

“లేదండీ.”

“మరైతే వాటితో ఏం పని తల్లీ?”

నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వేను. ఏదో పలకరింపు అనుకున్నాను. ఇంటికొచ్చేసరికి కబురు నాకంటే ముందే చేరిపోయింది, మా అత్తగారు వాకిట్లో నిలబడి ఉన్నారు. మీ తాతయ్యకి అమ్మ, నీకు తాతమ్మ అవుతారు, మరియమ్మగారు. ఆవిడ వంగి నా కాళ్లు పట్టుకున్నారు. అత్తగారు కోడలి కాళ్లు పట్టుకోవడం ఎక్కడన్నా విన్నావా? “నీకు పుణ్యముంటుందమ్మా, ఆ వీధిలో విప్పెయ్యి. నీ మొగుడు ఆళ్ల చెట్లే ఎక్కుతున్నాడు” అన్నారు. విప్పేసేను. ఆ తరవాత ఎన్నేళ్లు విప్పేనో.

మన కోనసీమలో మర్యాద ఎక్కువ అంటారు కదా. నిజమే. భయపెట్టేటప్పుడు కూడా మర్యాదగానే భయపెడతారు. గట్టిగా అరిచినవాణ్ణి మర్చిపోతాం. నెమ్మదిగా అన్న మాట చెవిలో ఉండిపోతుంది.

ఆ రోజుల్లో మా చర్చికి దైవసహాయం అయ్యగారని ఒకాయన వచ్చేరు. సన్నగా ఉండేవారు, ఎప్పుడూ దగ్గు. ఎనభైల మొదట్లో అన్నమాట, మీ నాన్న అప్పటికి పాకుతున్నాడు. ఆ అయ్యగారికి ఒక అలవాటుంది, నువ్వది బాగా గుర్తుపెట్టుకో. ఊళ్లో మా అత్తగార్ని అందరూ ‘ఒసే మరీ’ అనేవారు, చిన్న పిల్లలు కూడా. అయ్యగారొక్కరే ‘మరియమ్మగారూ’ అనేవారు. ప్రార్థనకి పేర్లు చదివేటప్పుడు అందరికీ గారు పెట్టి చదివేవారు. ఆదివారం నాడు ఆ గారు వినడం కోసమే ముందు వరసలో కూర్చునే ముసలాళ్లుండేవారు, నిజం చెబుతున్నాను.

ఒకరోజు స్త్రీల కూడికలో మట్టల ఆదివారం గురించి చెబుతున్నారు. ప్రభువు గాడిద పిల్ల మీద యెరూషలేము వెళ్ళడం, జనం బట్టలూ కొమ్మలూ పరవడం. మా అత్తగారు చేయెత్తేరు. బళ్ళో పిల్లలు ఎత్తుతారని నన్ను చూసి నేర్చుకున్నారు.

“అయ్యగారూ, ప్రభువుకి కాళ్లకి చెప్పులుండేవాండీ?”

“ఉండేవి మరియమ్మగారూ. ఆయన చెప్పుల వారు విప్పడానికి కూడా తగనని యోహానుగారు అన్నారు కదా.”

“ఆయ్. మరి ఆ పెద్ద ఊళ్లోకి వెళ్ళినప్పుడు విప్పేసేరాండీ?”

ఎవరూ నవ్వలేదు. అయ్యగారు కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. తుడుస్తూనే ఉన్నారు. ఆఖరికి “విప్పలేదండీ” అన్నారు.

ఆ తరవాతి ఆదివారం ప్రసంగం అయ్యేక ఒక ప్రకటన చేసేరు. “ఎప్పుడూ గట్టు మీంచి వెళ్తున్నాం. ఈ ఏడు మట్టల ఊరేగింపు పెద్దవీధిలోంచి వెళ్తుంది. చెప్పులున్నవాళ్లు వేసుకురండి. లేనివాళ్లు ఉన్నవాళ్ల పక్కన నడవండి.”

సంఘపెద్ద పౌలయ్యగారు లేచేరు. ఈయన చెవి మీద ఎప్పుడూ ఒక బీడీ ఉండేది, చర్చిలో కూడా. “అయ్యగారూ, గట్టు మీంచి వెళ్ళినా ప్రభువు వింటాడు కదండీ” అన్నారు.

“ఆయన ఎప్పుడో విన్నాడు పౌలయ్యగారూ. వినాల్సింది ఊరు.”

మా వెనకాల ఆడవాళ్లు గొణుక్కుంటున్నారు. “ఆయనకేవే, సైకిలెక్కి చక్కా పోతాడు. కాలేది మన కొంప.” “ఆ ముసల్ది అడక్కపోతే ఏం పోయిందంట?” మా అత్తగారు విన్నారు. తల దించుకుని అలా కూర్చున్నారు. ఆవిడేమీ గొడవకని అడగలేదమ్మా. తెలుసుకుందామని అడిగేరు. అడిగిందానికి వారం రోజులు ముద్ద మింగలేకపోయేరు.

మర్నాడు కామందుగారు మీ తాతగార్ని పిలిపించేరు. మీ తాతగారు ఆయన తోటలో దింపు తీసేవారు, అంటే చెట్టెక్కి కాయలు కొయ్యడం. ప్రతి ఏడూ మట్టల ఆదివారానికి పచ్చ మట్టలు ఆ తోటలోంచే తెచ్చుకోనిచ్చేవారు. మనకి చెట్లేవి? పేట మొత్తానికి ఒక్క కొబ్బరి చెట్టు లేదు.

“దాసూ, ఈ ఏడు చెట్లకి తెగులు తగిలింది. మట్ట కొయ్యకు.”

“ఆయ్, సరేనండి.”

“ఎండలు ముదిరిపోయేయి కదా. మీయన్నీ తాటాకు పాకలు. ఒక్క నిప్పురవ్వ చాలు. పిల్లలున్నవాడివి, జాగ్రత్తగా ఉండు.”

ఇంతే. గొంతు కూడా పెంచలేదట. పైగా వెళ్ళేటప్పుడు రెండు కొబ్బరి బొండాలు చేతిలో పెట్టేరు. మీ తాతగారు ఇంటికొచ్చి ఆ బొండాలు అరుగు మీద పెట్టి కూర్చున్నారు. ఎవరం కొట్టలేదు వాటిని. అక్కడే ఎండిపోయేయి.

ఆ వారం ఎలా గడిచిందో చెబుతాను విను. పేటలో కుండలన్నీ, బిందెలన్నీ నీళ్లతో నింపి చూరు కింద పెట్టేం. మధ్యాహ్నం ఎండకి తాటాకు ఫెళఫెళ మంటుందే, ఆ చప్పుడుకి పరిగెత్తుకుని బయటికొచ్చేవాళ్లం. పొద్దున్నే ఒక్కసారి వండేసి, పొయ్యి ఆర్పేసి, బూడిద మీద కూడా నీళ్లు పోసేవాళ్లం. పసిపిల్లల్ని బళ్ళోకి మార్చేం, దానిది పెంకు కప్పు కదా. మీ నాన్న అక్కడే, నల్లబల్ల కింద పడుకునేవాడు. పౌలయ్యగారి చేత బీడీలు మాన్పించేరు. ఆయన వెలిగించకుండా ఉత్త బీడీ నోట్లో పెట్టుకుని తిరిగేవారు, చంటిపిల్లాడు వేలు పెట్టుకున్నట్టు.

ఒకరోజు పట్టపగలు ఎవరో తెలీని మనిషి గట్టు మీద ఆగేడు. చుట్ట తీసేడు, అగ్గిపుల్ల గీసేడు. పేట పేటంతా ఎక్కడి పని అక్కడాపి ఆ పుల్లకేసి చూస్తోంది. అతను చుట్ట అంటించుకున్నాడు, పుల్ల ఆర్పి కాలవలో పడేసేడు. తలెత్తి మా అందర్నీ చూసి, ఏమనుకున్నాడో, గబగబా వెళ్ళిపోయేడు. పాపం ఐనవిల్లి తీర్థానికి వెళ్ళొస్తున్నాడేమో ఎవరికి తెలుసు. మాకు మాత్రం తెలియని ప్రతి మనిషీ ఆ నిప్పు తెచ్చేవాడే.

శుక్రవారం అయ్యగారు బడికొచ్చేరు. గుమ్మంలో నిలబడి “టీచరుగారూ, మీరు వస్తారా?” అని అడిగేరు.

“మా పిల్లాడు చిన్నవాడండీ” అన్నాను.

ఆయన తలూపేరు. ఆయన చేతిలో సైకిలు తాళం చెవి చిన్నగా వణుకుతోంది. “నాకూ భయంగానే ఉందమ్మా. టౌన్లో మన మిషన్ పెద్దల్ని అడిగేను, శాంతంగా ఉండమన్నారు. నేను శాంతంగానే నడుద్దామన్నాను. ఇంక వాళ్లేం మాట్లాడలేదు.” అంతే చెప్పి వెళ్ళిపోయేరు. ఆయన ధైర్యంగా కనపడుంటే నేను వెళ్ళేదాన్ని కాదేమో. ఆ వణుకు చూసేకే వెళ్ళకుండా ఉండలేకపోయేను.

ఆదివారం తెల్లారింది. చర్చి వాకిట్లో అందరం చేరేం. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. మట్టలు లేకుండా మట్టల ఆదివారం ఏంటి? పౌలయ్యగారి మొహం వెలిగింది. “ఇంకేవుందండీ, లోపలే పాట పాడేసుకుని ముగించేద్దాం” అన్నారు. కొంతమంది సరేనన్నారు కూడా. నాకూ లోపల హాయిగా అనిపించింది, అబద్ధమెందుకు.

అప్పుడు మా అత్తగారు ఇంటికి వెళ్ళేరు. మన ఇంటికి దడి ఉండేది. ఎండు కొబ్బరి మట్టలు అల్లి కట్టిన కంచె, ఆడవాళ్ల స్నానాలకి అదే మాటు. ఆవిడ దాంట్లోంచి ఒక మట్ట పెరికేరు. పెరికి, దులిపి, భుజాన పెట్టుకుని వచ్చేరు. ఎవరూ చెప్పలేదు, ఒకళ్ల తరవాత ఒకళ్లు వెళ్ళి తమ తమ దళ్లు పెరుక్కొచ్చేరు. కాసేపట్లో పేటలో దడి అన్నది లేదు. అయ్యగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

నా నీలం వారు చెప్పులు మా అత్తగారి ముందు పెట్టేను. ఆవిడ పుట్టి బుద్ధెరిగి చెప్పులేసుకోలేదు. ఊడ్పుల బురదలో వేళ్లు విడిపోయిన పాదాలు, ఆ వారులో పట్టలేదు. మడమ బయటికి వేళ్ళాడుతోంది. “ఇవి నన్ను పడేస్తాయే” అన్నారు. “నా చెయ్యి పట్టుకోండి అత్తయ్యా” అన్నాను. నాకున్నది ఆ జతొక్కటే, నేను ఉత్త కాళ్లతోనే బయల్దేరేను.

హోసన్నా పాడుకుంటూ వంతెన దిగేం. వంగి చెప్పులు విప్పే చోటు అది. ఒక్కొక్కళ్లకీ నడుం దానంతటదే వంగబోయింది, చూసేను. వంగలేదు. పది గడపలు దాటేం. అప్పుడు వినపడింది, తలుపులు పడుతున్న చప్పుడు. ధడ్, ధడ్ మని ఒక్కో ఇల్లూ. కిటికీలోంచి ఎవరో ఆడమనిషి కేక. “మట్టలట్టుకుని వచ్చేస్తున్నార్రోయ్! గడ్డిమేట్లకేసి చూసుకోండర్రా!”

అప్పుడు అర్థమైంది నాకు. నీకు అర్థమైందా అమ్మడూ? ఎండు కొబ్బరి మట్ట అంటే ఏంటి? చీకట్లో దారి కనపడాలంటే మనం అంటించుకుని పట్టుకెళ్ళేది అదే. పొయ్యి రాజేసేది దాంతోనే. వందమందిమి, ఎండాకాలం, ఎండు మట్టలు భుజాన పెట్టుకుని ఆ వీధిలోకొచ్చేం. వారం రోజులుగా మా కొంపలు కాల్చేస్తారేమోనని వణుకుతున్నవాళ్లం కదా, మా చేతుల్లో ఉన్నదేంటో మాకే తట్టలేదు. మేం వాళ్లకి భయపడుతున్నాం, వాళ్లు మాకు భయపడుతున్నారు. అంతకంటే ప్రమాదమైన ఘడియ ఉండదమ్మా.

కామందుగారి మేడ ముందుకి వచ్చేసరికి పాట ఆగిపోయింది. ఆయన మనుషులు కర్రలతో రోడ్డుకి అడ్డంగా నిలబడ్డారు. ఆయన మెట్ల మీదున్నారు. ఒకడు వేలు చూపించేడు. “వాడి చెవి మీద బీడీ చూడండి బాబూ! అగ్గిపెట్టె కూడా ఉంటుంది.” పౌలయ్యగారు! వారం మానేసిన మనిషి, అలవాటు కొద్దీ ఆ ఉత్త బీడీ చెవి మీద పెట్టుకునొచ్చేరు. “లేదండీ బాబూ, లేదండీ” అని పంచె మడతలు దులిపి చూపిస్తున్నారు, ఆ దులపడం చూసి ఇంకా అనుమానం వాళ్లకి. అయ్యగారు ముందుకెళ్ళి ఏదో చెప్పబోయేరు, దగ్గు తెర వచ్చేసింది. మాట రాదు. మీ తాతగారు నా ముందుకొచ్చి నిలబడ్డారు. తారు కాలుతోంది, నేను ఒక కాలి మీద ఇంకో కాలు పెట్టుకుని నిలబడ్డాను. బళ్ళో వదిలొచ్చిన మీ నాన్న తప్ప ఇంకేం గుర్తులేదు నాకు. ఇక్కడ ఒక్క కర్ర లేస్తే, ఆ తరవాత పేటలో ఏం మిగులుతుంది?

మా అత్తగారు నా చెయ్యి వదిలేసేరు.

అరుగు మీద పెద్దమ్మగారున్నారు. అందరూ తలుపులేసుకున్నారు, ఆవిడ లేవలేక ఉండిపోయేరు. మనవణ్ణి కొంగు కింద దాచుకున్నారు. ఆవిడ కళ్లు మా అత్తగారి భుజం మీదున్న మట్టకేసే చూస్తున్నాయి. ఆ చూపు నాకు తెలుసు. గట్టు మీద అగ్గిపుల్ల గీసినవాణ్ణి మేం చూసిన చూపు అది.

మా అత్తగారు టపటపమని ఆ చెప్పులీడ్చుకుంటూ ముందుకెళ్ళేరు. అరుగుకి నాలుగడుగుల దూరంలో ఆగి, భుజాన్నించి మట్ట దించి రోడ్డు మీద పరిచేరు.

“భయపడకండి అమ్మగారూ. ఇది తగలెట్టడానికి కాదండీ, తొక్కడానికి” అన్నారు.

అని, దాని మీద కాలేసి నడిచేరు. ఎండాకు పరపరమంది. వెనక ఇంకొకళ్లు పరిచేరు. ఇంకొకళ్లు. కర్రలు పట్టుకున్నవాళ్ల కాళ్ల దాకా పరుచుకుంటూ వెళ్ళిపోయేం. వాళ్లు కామందుగారికేసి చూసేరు. ఆయన తల్లికేసి చూసేరు. ఆవిడ మా అత్తగారి కాళ్లకేసి చూస్తూ “జాగ్రత్తే మరీ, జారతావు” అన్నారు. జాలిపడి అన్నారో, బెదిరించేరో నాకు ఇప్పటికీ తెలీదమ్మా. కానీ కర్రలు పక్కకి జరిగేయి. పాట లేదు, మాట లేదు. వందమంది కాళ్ల కింద ఎండాకు చప్పుడు, అంతే. అలాగే వీధి చివరిదాకా వెళ్ళేం.

అయిపోయిందనుకుంటున్నావా? నా పిల్లలూ ఇలాగే అనుకునేవాళ్లు, గంట కొట్టగానే పాఠం అయిపోయిందని. తిరిగొచ్చి చూస్తే పేటలో ఒక్క మాటు లేదు. ఈ ఇంటి పొయ్యి ఆ ఇంటికి కనపడుతోంది. ఆడవాళ్లం ఒకళ్ల స్నానానికి ఒకళ్లం చీరలు అడ్డం పట్టుకున్నాం. మా ఆడపడుచుగారి ఊరినించి పడవ మీద మట్టలొచ్చేదాకా అంతే. మర్నాడే మీ తాతగారికి దింపు మాన్పించేరు, అదీ మర్యాదగానే. ఆ తరవాత ఆయన సైకిలు మీద ఎక్కడెక్కడి తోటలకో వెళ్ళేవారు, ఇంటికొచ్చేదాకా నా ప్రాణం నాలో ఉండేది కాదు. కుండల్లో నీళ్లు వేసవంతా అలాగే ఉంచేం. మొదటి వాన పడ్డ రోజున మా అత్తగారు వాకిట్లో తడుస్తూ నిలబడి చూరు తడిమి చూసి, “ఆకు తడిసిందర్రా, ఇంక నిద్రపోండి” అన్నారు.

వానలు తగ్గేక అయ్యగారికి బదిలీ అయింది. ఎందుకని ఎవరూ చెప్పలేదు. వెళ్ళేటప్పుడు బస్సు దాకా పెద్దవీధిలోంచే నడిచేరు. ఆ రోజు ఆయన వెనకాల చెప్పులతో నడిచినవాళ్లు కొంతమందే. మిగిలినవాళ్లు మళ్ళీ చేత్తో పట్టుకున్నారు. మరుసటేడు సగంమంది వీధి, సగంమంది గట్టు. ఏళ్లు పట్టిందమ్మా. మా అత్తగారు మాత్రం మళ్ళీ చెప్పులేసుకోలేదు. “కరుస్తాయే” అనేవారు. కానీ వీధిలోంచే నడిచేవారు, వంతెన దగ్గర ఒక్క క్షణం ఆగి, తన ఉత్త కాళ్లకేసి చూసుకుని.

అందుకే ఆ ఎండు మట్ట. ఆ అరుగు ఇప్పుడు లేదు, సెల్‌ఫోన్ల కొట్టు పెట్టేరు. కొట్లో కుర్రాడు కామందుగారి మనవడే, నన్ను చూస్తే “నమస్కారమండి టీచరుగారూ” అని లేచి నిలబడతాడు. మంచి పిల్లాడు. అయినా ఇవాళ కూడా అక్కడికొచ్చేసరికి నా కాలు దానంతటదే చెప్పు విప్పబోయింది. ఎవరికీ కనపడదు. బొటనవేలు బిగించి వారు గట్టిగా పట్టుకుని, ఆ నాలుగడుగులూ దాటేస్తాను. డెబ్బై దాటినా ఆ కాలికి నేను ఇంకా నేర్పుతూనే ఉన్నాను.

నువ్వేమో పొద్దున్న నా పక్కనే, నీ స్నేహితురాలితో ఏదో చెప్పుకుంటూ, ఆ చోటు ఎప్పుడు దాటేవో కూడా చూసుకోకుండా నడిచేసేవు. అలాగే ఉండాలి తల్లీ. నీ కాలికి ఆ చోటు ఎప్పటికీ తెలియకూడదు. ప్రభువు నిన్ను చల్లగా...

ఎవరో పిలుస్తున్నారు చూడు. ఆ కిటికీ దగ్గర నా మట్ట పెట్టేను, కాస్త లోపల పెట్టు. పొయ్యికి దగ్గరగా పెట్టకు.